మ్యానిఫోల్డ్ పగిలితే వెల్డింగా, కొత్తదా? రెండూ వాడి చూశాక

మా బండి 2012 మోడల్ టర్బో డీజిల్, ఏడు సీట్లది. ఇంటిల్లిపాది ప్రయాణాలకీ, మామిడి సీజన్లో నూజివీడు నుంచి విజయవాడకి పెట్టెలు దింపడానికీ అదే. లక్షా డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగాక, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని శబ్దం మొదలైంది. పది నిమిషాలు నడిపితే పోయేది. ఇంజిన్ వాల్వుల దగ్గరి ట్యాపెట్లేమోలే అని నెల రోజులు వదిలేశాను. అది మ్యానిఫోల్డ్, అంటే ఇంజిన్ నుంచి పొగని బయటికి చేర్చే బీడు ఇనుప గొట్టం, పగిలిన శబ్దమనీ, వేడికి బీడు వ్యాకోచించి పగులు మూసుకుంటుందనీ, అందుకే శబ్దం ఆగుతుందనీ అప్పటికి నాకు తెలీదు. ఏసీ వేస్తే పొగ వాసన వస్తోందండీ అని మా ఆవిడ రెండుసార్లు చెబితే గాని ఆటోనగర్ వెళ్లలేదు. పెట్రోల్ బండైతే అన్నాళ్లు ఆగడం ఇంకా తప్పు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ, దానికి వాసనే ఉండదు.

మెకానిక్ భాయ్ పైన రేకు విప్పాడు. మ్యానిఫోల్డ్ మీద రెండో పోర్టుకీ మూడో పోర్టుకీ (సిలిండర్ల నుంచి పొగ వచ్చే దారులు) మధ్య నల్లటి మసి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరాక సుద్దముక్క రుద్దాడు. కాసేపటికి లోపల మిగిలిన కిరసనాయిలు ఊరి, తెల్లటి సుద్ద మీద తల వెంట్రుకంత సన్నటి గీత బయటపడింది. రెండంగుళాలుంటుంది.

"అన్నా, వెల్డింగ్ అయితే పదిహేను వందలు, కొత్తది ఎనిమిది వేలు. ఏం చేద్దాం?" అన్నాడు. ఎవరైనా ఏమంటారు? వెల్డింగే అన్నాను.

తీరా విప్పబోతే దాన్ని ఇంజిన్‌కి పట్టి ఉంచే స్టడ్డులు (తల లేని బోల్టులు) తుప్పుపట్టి రెండు పుటుక్కున విరిగాయి. వాటిని డ్రిల్ చేసి తీయడానికే సగం రోజు పట్టింది. వెల్డింగు, లేబరు, స్టడ్డులు, కొత్త గ్యాస్కెట్, ఫేసింగు (వంగిన మొహాన్ని చదును చేయడం) కలిపి బిల్లు 6,200 అయింది. అందులో వెల్డింగు వాటా ఆ పదిహేను వందలే! ఖర్చంతా విప్పి బిగించడంలోనే ఉందని అప్పుడు తెలిసింది. అతుకు వేసినా, కొత్తది పెట్టినా ఆ ఖర్చు తప్పదు. అతుకు నిలవకపోతే రెండోసారి కూడా పెట్టుకోవాలి.

వెల్డింగ్ మేస్త్రీ పని మాత్రం వంక పెట్టడానికి లేదు. పగులు రెండు కొసల్లోనూ చిన్న బెజ్జం వేశాడు, అది ఇంకా ముందుకు పాకకుండా. గ్రైండర్‌తో గాడి తీసి, గ్యాస్ మంటతో మొత్తం ముక్కని కాచి, నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం చొప్పున అతికాడు. అతికిన చోటల్లా చిన్న సుత్తితో తట్టాడు. చివరికి రాత్రంతా బూడిదలో పూడ్చిపెట్టాడు. మర్నాడు స్కేలు ఆనించి, సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే ఇంజిన్‌కి ఆనే మొహం కొద్దిగా వంగింది. ఫేసింగు అందుకే. ఇంత ఓపిక అందరికీ ఉండదు. బీడుని కాచకుండా మామూలు రాడ్డుతో లాగేస్తే చల్లారేలోపే అతుకు పక్కన చీలుతుంది.

ఆ అతుకు 14 నెలలు, 19,000 కిలోమీటర్లు నడిచింది. తర్వాత మళ్లీ టిక్ టిక్. ఈసారి పగులు అతుకు మీద కాదు, దాన్ని ఆనుకుని వచ్చింది. మేస్త్రీని తిట్టుకుంటూ కొత్తది తెప్పించాను. బిగించేటప్పుడు భాయ్ బండి కింద దూరి నన్ను పిలిచాడు. సైలెన్సర్ ముందు పైపుని పట్టి ఉంచే రబ్బరు తెగిపోయి ఉంది. ఎన్నాళ్లుగానో ఆ పైపు బరువంతా మ్యానిఫోల్డుకే వేలాడుతోంది. రబ్బరు ధర నూట ఇరవై. మొదటిసారే కింద చూసి ఉంటే ఆ అతుకు ఇంకెన్నాళ్లు వచ్చేదో!

అయినా ఇప్పుడు ఎవరడిగినా, పోర్టుల మధ్య గానీ టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌కి గాలి ఎక్కించే పంకా) బిగించే చోట గానీ పగిలితే కొత్తదే వేయించమంటాను. టర్బో దగ్గర అతికిన ముక్క ఊడి లోపలికి పోయిందంటే టర్బో పోయినట్టే, అప్పుడు ఎనిమిది వేల లెక్కలు పనికిరావు. బోల్టు దూరే చెవి విరిగినా, బండి మరీ పాతదై సామాను దొరకకపోయినా వెల్డింగ్ చేయించుకోవచ్చు, కాచి అతికేవాడు దొరికితేనే. సెకండ్ హ్యాండ్ ముక్క కొనేట్టయితే సుద్ద పరీక్ష చేయకుండా డబ్బులివ్వొద్దు.

కొత్తది వేసి రెండున్నరేళ్లు, 38,000 కిలోమీటర్లు అయింది. పొగ మధ్యలో కారిపోకుండా టర్బోకి అందుతోంది కాబట్టి, దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో రెండో గేరుకి దిగాల్సిన మలుపుల్లో కొన్ని ఇప్పుడు మూడులోనే లాగుతోంది. మొన్న సర్వీసులో మళ్లీ సుద్ద రుద్ది చూశాం, గీత లేదు. చివరి స్టడ్డు నట్టు ఒక్కటి కాస్త వదులైతే బిగించాం.