చెప్పుకోవడమా, మార్చుకోవడమా: లైఫ్ కోచ్ ముందున్న రెండు దారులు

పెద్ద కులం, ఇంగ్లీషు మీడియం చదువు, నగరంలో సొంత ఇల్లు. తన ఎదుగుదలలో వీటి వాటా ఎంతో ఒక లైఫ్ కోచ్ (జీవితంలో, ఉద్యోగంలో ముందుకు సాగేందుకు ఫీజు తీసుకుని దారి చూపే వ్యక్తి) గుర్తించారనుకుందాం. తర్వాత ఏమి చేయాలి?

మొదటి దారి, తొలి సమావేశంలోనే ఆ సంగతి చెప్పేయడం. ఇందులో నిజాయితీ ఉంది. కష్టపడితే ఎవరైనా సాధిస్తారన్న పాఠం అందరికీ ఒకేలా వర్తించదని ఒప్పుకున్నట్టవుతుంది. చిక్కల్లా ఒకటే: డబ్బు కట్టి తన గోడు చెప్పుకోవడానికి వచ్చిన మనిషి, "అయ్యో, మీరు అలాంటివారు కాదులెండి" అని కోచ్‌నే ఓదార్చాల్సి వస్తుంది.

రెండో దారి పనితీరు మార్చుకోవడం. ఆదాయాన్ని బట్టి ఫీజు (జీతం రుజువులు అడగకుండా, అడిగితే అది మరో అవమానం). కోరినవారితో తెలుగులోనే సంభాషణ. వీల్‌చైర్ వెళ్లగల గది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో కొన్ని పైకి కనిపించవు, కాబట్టి ఏ సదుపాయం కావాలో అందరినీ ముందే అడగడం మేలు. ఇక వేళలు: పగలంతా ఉద్యోగం, ఇంటికొస్తే చాకిరీ ఉన్న మహిళకు ఉదయం 11 గంటల సమయం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

నా మొగ్గు రెండోదానికే. ఖర్చు, శ్రమ దానికే ఎక్కువ. అందుకే చాలామంది మొదటిదానితో సరిపెట్టుకుంటారని నా అనుమానం. అలాగని నోరు కట్టేసుకోనక్కర్లేదు. ఆఫీసులో ఎదురైన కుల వివక్ష గురించి దళిత యువకుడు చెబుతున్నప్పుడు, "మీరే ఎక్కువ ఊహించుకుంటున్నారేమో" అనే బదులు "నాకు ఆ అనుభవం లేదు, వివరంగా చెప్పండి" అనవచ్చు.