బ్రేకు తొక్కితే ఆరిపోయే లైట్లు: ట్రాలీతో శ్రీకాకుళం తీరంలో మూడు రాత్రులు

పోయిన నవంబరులో బారువలో ఒక కొబ్బరితోటలోకి ట్రాలీని వెనక్కి పెడుతూ నేలబావి గట్టుని గుద్దేశాను. టైము రాత్రి ఎనిమిదిన్నర. వెనకాల మా బావమరిది సెల్‌ఫోను లైటు పట్టుకుని పల్లెవెలుగు బస్సు కండక్టరులా "రైట్... రైట్... రైట్..." అంటూనే ఉన్నాడు. "హోల్డాన్" అనేసరికే ట్రాలీ మూల రేకు లోపలికి పోయింది. వాడి తప్పేం లేదు. వాడు పట్టుకున్న లైటు నా అద్దాల్లోకి కొడుతోంది, బావి గట్టేమో నాచు పట్టి చీకటి రంగులోనే ఉంది.

మాది వీ-క్రాస్ పికప్. దాని వెనక తగిలించేది పదకొండు అడుగుల ఒంటి ఇరుసు ట్రాలీ. రెండు పడకలు, ఒక పొయ్యి, నీళ్ల ట్యాంకు. మేం దాన్ని ఇల్లంటాం. ఊళ్లలో పిల్లలు మాత్రం ఐస్‌క్రీం బండి అనుకుని వెనకాల పరిగెడతారు. పికప్‌కి వెనక కెమెరా ఉంది గానీ, ట్రాలీ తగిలించాక దానికి కనిపించేది ట్రాలీ ముక్కు ఒక్కటే. కంపెనీ ఇచ్చిన రివర్స్ లైటు పరిస్థితీ అంతే. దాని వెలుగంతా తెల్లరేకు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. పెద్ద ట్రాలీ కంటే చిన్నది వెనక్కి పెట్టడం కష్టమని నడిపినవాళ్లందరికీ తెలుసు. స్టీరింగు కొంచెం తిప్పితే చాలు, చటుక్కున మడత పడిపోతుంది. అందుకే దానికి వెలుగు ఇంకా ఎక్కువ కావాలి.

సంక్రాంతికి ముందు విజయనగరంలో ఒక కార్ల యాక్సెసరీస్ షాపులో ఎల్‌ఈడీ రివర్స్ లైట్లు పెట్టించాను. పికప్‌కి రెండు, ట్రాలీకి రెండు, ఒక్కొక్కటి 18 వాట్లు. షాపు కుర్రాడు ట్రాలీ నెత్తిమీద పొడుగాటి లైట్ బార్ పెడదామన్నాడు, నేను ఒప్పుకోలేదు. అంత ఎత్తు నుంచి కొడితే ఊరంతా కనిపిస్తుంది గానీ చక్రం పక్కన గొయ్యి కనిపించదు. ట్రాలీవి వెనక రెండు మూలల్లో, నేల నుంచి మూడడుగుల ఎత్తున, కాస్త కిందికి వంచి పెట్టించాను. పికప్‌వి బంపరు కింద, రెండు పక్కలకీ విచ్చుకునేలా ఏటవాలుగా. తిన్నగా పెడితే మళ్లీ ట్రాలీ రేకు మీదే పడతాయి. దూరానికి కొట్టే సన్నటి వెలుగు కాకుండా వెడల్పుగా పరుచుకునే అద్దం ఉన్నవి తీసుకున్నాం. డబ్బా మీద ఐపీ 67 అని ఉందో లేదో చూసుకున్నాను. దుమ్ము చొరకుండా, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి తడి రాకుండా ఉండేవాటికి ఆ గుర్తు ఇస్తారు. కూలీతో కలిపి 6,400 అయింది. ఏ లైటు కొనాలి, ఎక్కడ పెట్టాలి అని ఇంత ఆలోచించినవాణ్ణి వైరింగు మాత్రం షాపువాళ్లకే వదిలేశాను.

కనుమ మర్నాడు బయల్దేరాం. నేను, మా ఆవిడ, బావమరిది. విజయనగరం నుంచి నాతవలస దగ్గర హైవే ఎక్కి, పూసపాటిరేగ నుంచి చింతపల్లి బీచికి దిగాం. లైట్‌హౌసు, రాళ్లు, వలలు ఆరేసిన పడవలు. పగటిపూట రెండు గంటలు కూర్చోడానికి ఈ రెండు జిల్లాల్లో నాకు బాగా నచ్చిన చోటు. రాత్రి ఉండటానికి మాత్రం కాదు. రోడ్డు చివర ట్రాలీ తిప్పుకోవాలంటే ఇసకలోకి దిగాలి. ఒంటి ఇరుసు బండి ఇసకలో కూరుకుపోతే లాగడానికి ట్రాక్టరు వెతుక్కోవాలి.

సాయంత్రానికి శ్రీకాకుళం. మా ఆవిడకి మొదటి రాత్రి వేణ్ణీళ్ల స్నానం, గట్టి మంచం కావాలి, అందుకని లాడ్జిలో గది చెప్పుకున్నాం. ఫోనులో "లారీలే వచ్చేస్తాయండీ" అన్నారు. తీరా వెళ్తే గేటు ఒక సందులో ఉంది, గేటుకి అడ్డంగా ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ. రోడ్డు మీద నుంచి వెనక్కే పోవాలి. రివర్స్ గేరు వేశాను. సందంతా పట్టపగల్లా అయింది. ఆహా అనుకుంటూ బ్రేకు తొక్కాను. ట్రాలీ లైట్లు రెండూ ఆరిపోయాయి. బ్రేకు వదిలితే వెలిగాయి, తొక్కితే ఆరాయి.

ట్రాలీని వెనక్కి పెట్టేటప్పుడు కాలు సగంసేపు బ్రేకు మీదే ఉంటుంది కదా. అంటే సరిగ్గా ఆగి చూసుకోవాల్సిన క్షణంలోనే చీకటి. మళ్లీ సెల్‌ఫోను, మళ్లీ "రైట్... రైట్...". గది శుభ్రంగానే ఉంది, నీళ్లు వేడిగానే వచ్చాయి. 1,600కి వంక పెట్టడానికేం లేదు. ట్రాలీ ఉన్నవాళ్లు మాత్రం ఏ లాడ్జి అయినా ముందు నడిచి వెళ్లి గేటు చూసుకోండి. ఫోనులో చెప్పే లారీల మాట నమ్మకండి. ఏడు రోడ్ల కూడలి వైపు ట్రాలీతో వెళ్లే సాహసం కూడా వద్దు.

మర్నాడు పొద్దున్నే అరసవల్లి. ఆరు గంటలకల్లా వెళ్తే బండి పెట్టుకోడానికి ఇబ్బంది లేదు. తొమ్మిది దాటితే, అందులోనూ ఆదివారమైతే, చెప్పక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టుని తాకే రోజుల్లో అయితే ట్రాలీ ఊసే ఎత్తొద్దు. అక్కణ్ణుంచి శ్రీకూర్మం. కూర్మావతారంలో స్వామి కొలువైన గుడి. నాకు అక్కడ గుడి ఎంత ఇష్టమో గుళ్లో పెంచే నక్షత్ర తాబేళ్లూ అంతే ఇష్టం. మా ఆవిడ ప్రదక్షిణలు చేస్తుంటే నేను వాటి దగ్గరే ఉండిపోయాను.

గార మీదుగా కళింగపట్నం చేరేసరికి మూడయింది. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌసు, ఒకప్పటి ఓడరేవు. బీచి పక్కన జనం ఎక్కువ. కొంచెం లోపలికి ఒక సరుగుడు తోటాయన 500 తీసుకుని చోటిచ్చాడు, బాత్రూం వాడుకోనిచ్చాడు. గాలి, చప్పుడు, వెన్నెల అన్నీ బాగున్నాయి. ఈ తీరంలో రాత్రి ఉండాలంటే నా ఓటు దీనికే, బారువ కన్నా కూడా. నేల గట్టిది, తోటలోకి దారి వెడల్పు.

లైట్ల సంగతి మాత్రం ముదిరింది. ఇప్పుడు ఎడమ ఇండికేటరు వేస్తే ట్రాలీ టెయిల్ లైట్లు కూడా కన్ను కొడుతున్నాయి. బావమరిది కింద పడుకుని వైర్లన్నీ లాగి చూసి, "బావా, లూజ్ కాంటాక్టు" అన్నాడు. వాడికి ఏ జబ్బయినా లూజ్ కాంటాక్టే.

మూడో రోజు వెనక్కి వచ్చి హైవే ఎక్కి, మడపాం దగ్గర వంశధార దాటి నరసన్నపేటలో ఆగాం. కార్ల షాపు కోసం వెతుకుతుంటే టీ కొట్టు దగ్గర ఒకాయన, "ట్రాలీ కదా, ట్రాక్టర్ల కాడికి ఎల్లండి" అన్నాడు. ఈ యాత్ర మొత్తంలో పనికొచ్చిన సలహా అదే. కార్ల షాపుల్లో బల్బులు బిగించడం వచ్చు గానీ, రెండు బండ్ల మధ్య కరెంటు ఎలా నడుస్తుందో రోజూ చూసేది ట్రాక్టరు తొట్టెల మెకానిక్కులే. అలాగని రోడ్ల మీద తిరిగే చెరకు ట్రాక్టర్లకి వెనక లైట్లు ఉంటాయని కాదు. రాజాం, పాలకొండ వైపు రాత్రిపూట వెళ్లినవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు.

మెకానిక్కు అరవై దాటిన పెద్దాయన. బ్రేకు తొక్కమన్నాడు, వదలమన్నాడు, ఇండికేటరు వేయమన్నాడు. ఆ తర్వాత ఒక వైరు ముక్క తీసుకుని, ఒక కొస ట్రాలీ చట్రానికి, రెండో కొస పికప్ బ్యాటరీ నెగిటివ్‌కి పెట్టించాడు. బ్రేకు తొక్కినా లైట్లు ఆరలేదు.

"బావూ, కరెంటు ఎల్లడానికి దారి ఇచ్చినారు. తిరిగి రాడానికి దారేదీ?" అన్నాడు.

జరిగిందిది. షాపువాళ్లు ట్రాలీకి విడిగా ఎర్తు వైరు, అంటే కరెంటు తిరిగొచ్చే వైరు, వేయలేదు. రెండు బండ్లనీ కలిపే ఇనప గుండే ఎర్తు అయిపోతుందనుకున్నారు. దానికి గ్రీజు, తుప్పు, పైగా ఉప్పుగాలి. ట్రాలీ లైట్ల ఎర్తు వైర్లు అన్నీ ఒకే బోల్టుకి, అదీ రంగు గీకకుండా బిగించారు. తిరిగొచ్చే దారి లేక రివర్స్ లైటు కరెంటు టెయిల్ బల్బుల్లోంచి దూరి, పికప్ వైర్లమీదుగా బ్యాటరీ నెగిటివ్‌కి చేరుతోంది. బ్రేకు తొక్కితే బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటు ఆ ఉమ్మడి బోల్టు దగ్గరకే చేరుతుంది. అప్పుడు రివర్స్ లైటుకి రెండు వైపులా ప్లస్సే, ఇంక వెలగడం ఎక్కడిది? ఇండికేటరుతో టెయిల్ లైట్లు మిణుకుమనడం కూడా ఆ దొంగదారి వల్లే.

ఏడు పిన్నుల సాకెట్టు విప్పి చూపించాడు. ఒకటి ఎడమ ఇండికేటరు, నాలుగు కుడి ఇండికేటరు, అయిదు, ఏడు టెయిల్ లైట్లు, ఆరు బ్రేకు, మూడు ఎర్తు. రెండోది వెనక ఫాగ్ లైటుకి. మనకి అది లేదు కాబట్టి షాపువాళ్లు రివర్సుని దాని మీద ఇచ్చారు. "ఇది మాత్రం బాగానే చేసినారు" అన్నాడు. మూడో పిన్ను ఖాళీగా ఉంది. దానికి రెండున్నర ఎంఎం వైరు వేసి, ఆ కొస పికప్ బ్యాటరీ నెగిటివ్‌కీ ఈ కొస ట్రాలీ చట్రానికీ కలిపాడు. బోల్టు దగ్గర రంగు గీకి, పళ్ల వాషరు పెట్టి, పైన గ్రీజు రాశాడు. రివర్స్ లైటుకి వచ్చే వైరు కూడా వెంట్రుకలా ఉందని అదీ మార్చాడు. మీటరు పెట్టి చూస్తే ఇంజను ఆన్‌లో బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. లైటు దగ్గర ముందు 11 కూడా రాలేదు, తర్వాత 13.4.

ఇంకో సంగతి కూడా బయటపడింది. షాపు బిల్లులో రిలే (చిన్న కరెంటుతో పెద్ద లోడుని వేసే స్విచ్చి) ఉంది, బండిలో లేదు. నాలుగు లైట్లూ కలిపి 72 వాట్లు, అంటే ఆరు ఆంపియర్ల లోడు. అదంతా కంపెనీ సన్నటి రివర్స్ వైరు మీద, గేర్‌బాక్సు స్విచ్చి మీద నడుస్తోంది. పెద్దాయన కొత్త రిలే పెట్టాడు. ఇప్పుడు సన్నవైరు రిలేకి కబురు చెప్పడానికే, లోడంతా బ్యాటరీ నుంచి విడిగా వచ్చే లావువైరు మోస్తుంది. ఆ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు. సామానుతో కలిపి 1,350, రెండు గంటల పని. విజయనగరంలో ఇచ్చిన 6,400 గుర్తొచ్చి కడుపు మండింది.

డ్యాష్‌బోర్డు మీద ఒక స్విచ్చి కూడా పెట్టమన్నాను. అది లైట్లని ఆర్పడానికి మాత్రమే. రివర్స్ గేరు లేకుండా వెలిగించేలా పెట్టించుకునేవాళ్లు ఉన్నారు, వెనకొచ్చే వాడి కళ్లు పోతాయి. బండి వెనక తెల్లలైటు రివర్సులో ఉన్నప్పుడే వెలగాలన్నది రూలు కూడా.

ఆ స్విచ్చి మర్నాటి దాకా ఆగకుండానే పనికొచ్చింది. టెక్కలి దాటి తేలినీలాపురం వెళ్లాం. చలికాలంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చింతచెట్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని చేసే ఊరు. పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు వాటిని. ఊళ్లోకి ట్రాలీ తీసుకెళ్లకండి, దారి ఇరుకు. మేం ఊరి బయటే ఆపి నడిచి వెళ్లాం. తిరిగి బయల్దేరేసరికి మసక పడింది. బండి వెనక్కి తియ్యాలి, చెట్లు అక్కడికి దగ్గరే. పికప్ లైట్లు చాల్లే అనుకుని మిగతావి ఆర్పేశాను.

పలాసలో జీడిపప్పు కొనడానికి ఆగాం. అంతకు మించి ఆ ఊళ్లో ట్రాలీతో చేసేదేం లేదు. మందస కోవా పొట్లం కూడా అక్కడే దొరికింది, దారిలోనే అయిపోయింది.

బారువ చేరేసరికి ఎనిమిది. అదే కొబ్బరితోట, అదే 400, అదే బకెట్టు నీళ్ల స్నానం. బాత్రూం తలుపు గడియ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. భోజనం మాత్రం ఈసారి కూడా అద్భుతం. పండుగొప్ప పులుసు, వేడన్నం, మనిషికి 150. తోటాయన ముందే చెప్పాడు, "ఈ నెలల్లో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, సముద్రం వైపు లైటు కొట్టొద్దు బావూ" అని. ఆలివ్ రిడ్లీ తాబేళ్లవి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పాకుతాయి. ట్రాలీ మూతి సముద్రం వైపు, వెనక తోట వైపు ఉండేలా తిప్పుకుని, అప్పుడు రివర్సు వేశాను.

రెండు అద్దాల్లోనూ నేల కనిపించింది. ఎండిన మట్టలు, డ్రిప్పు పైపు, తోటాయన కుక్క. బ్రేకు తొక్కాను, వెలుగు అలాగే ఉంది. బావమరిది అలవాటుకొద్దీ "రైట్... రైట్..." అంటున్నాడు గానీ చేతిలో సెల్‌ఫోను లేదు. నేలబావి ఎడమ అద్దంలోకి తెల్లగా మెరుస్తూ వచ్చింది. లైట్ల మహిమ అనుకుని దిగి చూస్తే, గట్టు చుట్టూ కొత్తగా సున్నం. మేం వస్తున్నామని ఫోను చేసిన రోజునే కొట్టించాడట.