కరెంటు వచ్చాక తాళం ఎవరిది? ఎన్‌ఎఫ్‌ఎస్ ముసాయిదాపై ఒక సర్వర్ నిర్వాహకుడి సమీక్ష

సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్ల నుంచి తెరిచే పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్). దాని 4.1 ప్రమాణాన్ని తెర మీద చదవడం నా వల్ల కాలేదు. విశాఖ ద్వారకానగర్‌లోని ఒక జిరాక్స్ షాపులో అచ్చు వేయించుకున్నాను. 2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8881 అది (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీ అంటారు), ఆరు వందల పేజీలు దాటుతుంది. రెండు వైపులా వేసినా ఒక్క స్పైరల్‌లో పట్టదని షాపు అబ్బాయి మూడు పుస్తకాలుగా కట్టి ఇచ్చాడు. ఈ ప్రమాణాలు రాసే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌లోని వర్కింగ్ గ్రూపు ఈ పత్రాన్నే తిరగరాసే పని పెట్టుకుంది. భద్రతను, అనుమతులను (ఏ ఫైలును ఎవరు ఏమి చేయవచ్చన్నది) విడదీసి వేరే ముసాయిదాలుగా రాస్తోంది. ముసాయిదాను ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. ఆరు నెలల్లో కొత్త ప్రతి రాకపోతే దాని గడువు తీరిపోతుంది. అందుకే ఇప్పుడు కూర్చున్నాను.

ఆటోనగర్‌లో స్టీలు కట్టడాల డ్రాయింగులు గీసే ఆఫీసు మాది. సర్వర్లు చూసుకునేది నేను. ప్రమాణం చదివేటప్పుడు నా ప్రశ్న ఒక్కటే: కరెంటు పోయి తిరిగి వచ్చిన మొదటి రెండు నిమిషాల్లో ఏమి జరగాలో ఈ పత్రం చెబుతోందా?

ఆ ప్రశ్నకు కారణం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టిన తరవాత ఆఫీసుకు జనరేటర్ కొన్నాం. సర్వర్ గదికీ మొదటి అంతస్తుకూ దాని లైను ఇచ్చాం. రెండో అంతస్తు నెట్‌వర్క్ స్విచ్‌ను ఎవరూ తలచుకోలేదు. ఒక మే నెల సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. సర్వర్ యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే బలహీనపడి ఉన్నాయి. జనరేటర్ అందుకునే లోపే సర్వర్ ఆరిపోయి మళ్లీ లేచింది. రెండో అంతస్తులో కంప్యూటర్లు తమ తమ యూపీఎస్‌ల మీద వెలుగుతూనే ఉన్నాయి, డ్రాయింగులు తెరిచే ఉన్నాయి. కానీ స్విచ్ లేదు కనుక వాటి గొంతు సర్వర్ దాకా చేరలేదు.

ఇక్కడే ఈ ప్రమాణం విలువ తెలుస్తుంది. ఒకరు మారుస్తున్న ఫైలును ఇంకొకరు మార్చకుండా ఆపేది తాళం. నాలుగో వెర్షన్‌లో ఆ తాళం శాశ్వతం కాదు, కౌలు లాంటిది. పట్టుకున్న కంప్యూటర్ గడువు లోపల పలకరిస్తూ ఉండాలి. సర్వర్ ఆరి లేచిందంటే పాత తాళాలన్నీ దాని జ్ఞాపకంలోంచి పోతాయి. అప్పుడు కొంత సమయం కొత్త తాళాలు ఎవరికీ ఇవ్వకుండా, పాతవాళ్లు వచ్చి తమవి తిరిగి అడగడానికి అవకాశం ఇస్తుంది. లినక్స్ సర్వర్‌లో ఆ వ్యవధి, మార్చుకోకపోతే, 90 సెకన్లు. మా రెండో అంతస్తు స్విచ్‌కు కరెంటు రావడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా మొదటి అంతస్తు కుర్రవాడు అదే డ్రాయింగు తెరిచి, తాళం తీసుకొని, కొలతలు మార్చి దాచేశాడు. తరవాత పైఅంతస్తు కంప్యూటర్ వచ్చి తన పాత తాళం అడిగింది. సమయం దాటిపోయిందని సర్వర్ నిరాకరించింది. అది సరైన పని. ఇచ్చి ఉంటే పైన మిగిలిన పాత ప్రతి కింద మారిన కొలతల మీద పడేది, ఆ కొలతలతో ప్లేట్లు కోతకు వెళ్లేవి.

ఇంత జాగ్రత్త మూడో వెర్షన్‌లో లేదు. 1995 నాటి ఆ ప్రమాణంలో ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు, తాళాల పని పక్కనున్న మరో ప్రొటోకాల్‌ది. మేము దాన్ని వాడిన రోజుల్లో మదర్‌బోర్డు కాలిపోయి రిపేరుకు వెళ్లిన ఒక కంప్యూటర్ తాళం రెండు రోజులు అలాగే ఉండిపోయింది. ఆ కంప్యూటర్ మళ్లీ లేచి చెబితే తప్ప వదలదు. చివరికి సర్వర్‌లో తాళాల సేవనే ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అందుకే 8881లో నెట్‌వర్క్ తెగి, సర్వర్ కూడా ఆరి లేచే సందర్భాల గురించి రాసిన పేజీలు నాకు ప్రాణం. తిరిగి అడిగిన వాళ్లందరినీ నిరాకరించాలి, లేదా ఎవరి తాళం మధ్యలో పోయిందో చెరగని చోట రాసిపెట్టుకోవాలి అని అది సర్వర్‌ను కట్టడి చేస్తుంది. ఈ విషయంలో మూడో దారి లేదు. తిరగరాతలో ఈ పేజీల జోలికి వెళ్లవద్దని కోరుతున్నాను.

ఒక్క లోటు ఉంది. తాళం పోయిందన్న సంగతి కుర్చీలో కూర్చున్న మనిషికి ఎలా చేరాలన్నది క్లయింట్‌కే, అంటే ఫైలు తెరిచిన కంప్యూటర్‌కే, వదిలేశారు. ఆ సాయంత్రం పైఅంతస్తు డ్రాఫ్ట్స్‌మన్ తెర మీద కనిపించింది రాత లోపం అన్న ఒక్క మాటే. "పొద్దుటి నుంచి గీసిందంతా పోయిందా సార్?" అని ఆయన అడిగినప్పుడు నా దగ్గర తిన్నని జవాబు లేదు. ఆయన గీసినది వేరే పేరుతో దాచి, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి రాత్రి పదింటి వరకు కలుపుకున్నాం. స్విచ్‌ను మర్నాడే జనరేటర్ లైనుకు మార్చాను, 90 సెకన్లను 300 చేశాను.

భద్రత గురించి నాకు చెప్పాల్సింది తక్కువ. "నేను 1004వ వాడిని" అని వాడుకరి నంబరు ఒక్కటే క్లయింట్ చెబితే నమ్మేసే పాత పద్ధతి ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో నడుస్తోంది. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9289 దానికి టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా సంకేతాలుగా మార్చి పంపే పద్ధతి) రక్షణ జోడించే దారి చూపింది. భద్రతకు విడి పత్రం ఉండడం మంచిదే, మా లాంటి వాళ్లు దాన్ని వెతుక్కోకుండా చదువుకోవచ్చు.

నా అసలు ఫిర్యాదు అనుమతుల మీద. ఒక ఫైలును చెరిపే హక్కు ఎవరిది? లినక్స్ లాంటి యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఫోల్డర్ మీద హక్కున్న వాడిది. విండోస్‌లో ఫైలు మీద హక్కున్నా చాలు, ఫోల్డర్ మీద ఉన్నా చాలు. 8881 రెంటికీ రెండు గుర్తులు పెట్టింది, ఏ ఒక్కటి ఉన్నా అనుమతించమంది, రెండిటి గురించీ ఏమీ రాయకపోతే ఆ ఫోల్డర్‌లో కొత్త ఫైలు పెట్టగల వాడికి అనుమతి ఇమ్మంది. చదవడానికి బాగానే ఉంది. కానీ ఇవన్నీ "చేయడం మంచిది" స్థాయి మాటలు, "చేసి తీరాలి" కావు. ప్రమాణాల భాషలో ఈ రెంటికీ మధ్య ఉన్న సందులో కంపెనీకొక పద్ధతి పడుతుంది.

మా దగ్గర అదే జరిగింది. పాత సర్వర్ నుంచి మరో కంపెనీ సర్వర్‌కు ఫైళ్లు మార్చాం, అనుమతుల జాబితా అక్షరం పొల్లుపోకుండా తెచ్చాం. పాతదానిలో శిక్షణలో ఉన్న అమ్మాయి ఆమోదించిన డ్రాయింగును చెరపలేకపోయేది. కొత్తదానిలో చెరపగలిగింది. నకలు అనుకొని నిజంగానే చెరిపింది. బ్యాకప్ ఉంది కనుక సరిపోయింది. రెండు కంపెనీలకూ ఫోను చేశాను, మేము ప్రమాణం ప్రకారమే ఉన్నామని రెండూ అన్నాయి. పత్రం తిరగేస్తే రెండూ నిజమే చెప్పాయి. ఇద్దరూ నిజం చెబుతూ ఉండగా ఒకే జాబితాకు రెండు అర్థాలు వస్తున్నాయంటే, తప్పు పత్రంలో ఉంది.

అనుమతుల ముసాయిదాకు నేను రాసిన అభిప్రాయం ఇంతే: చెరిపే విషయంలో అన్ని సర్వర్లకూ ఒకే నియమం పెట్టడం సాధ్యం కాకపోతే, తాను ఏ నియమం పాటిస్తుందో క్లయింట్ అడిగినప్పుడు చెప్పడం సర్వర్‌కు తప్పనిసరి చేయండి. పైన చెప్పిన సంఘటనను సర్వర్ల పేర్లు లేకుండా, జాబితాలోని నాలుగు వరుసలతో సహా జతచేశాను. మీ ఆఫీసులో రెండు కంపెనీల సర్వర్లు ఉంటే ఒక ఖాళీ ఫోల్డర్‌లో పరీక్ష ఫైలు పెట్టి, అదే జాబితాతో రెండు చోట్లా చెరిపి చూడండి. తేడా కనిపిస్తే మీరూ వాళ్లకు రాయండి.