క్యాన్సర్ జీన్ టెస్ట్ క్యాంపులతో జాగ్రత్త: నిజాంపేట, మియాపూర్ వాళ్ళు తప్పక చూడండి

అపార్ట్‌మెంట్ సెల్లార్లలో టేబుల్ వేసుకుని, "క్యాన్సర్, ఆటోఇమ్యూన్ రిస్క్ ముందే తెలుసుకోండి" అంటూ రక్తం, లాలాజలం తీసుకునేవాళ్ళు ఈమధ్య మావైపు బాగా తిరుగుతున్నారు. మా వదిన 14,999 రూపాయలు కట్టింది. మీరు కట్టేముందు ఇది చదవండి.

రిపోర్టు పెద్ద పుస్తకమంత ఉంది. మొదటి పేజీలోనే కారు స్పీడోమీటర్ లాంటి బొమ్మ, ముల్లు ఎరుపులో. కింద మూడు లైన్లు: సీఏ-125 (అండాశయ క్యాన్సర్ అనుమానం ఉంటే చూసే రక్తపరీక్ష) ఎక్కువ, ఏఎన్‌ఏ (రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులకు చూసే రక్తపరీక్ష) పాజిటివ్, బీఆర్‌సీఏ2 అనే జీన్‌లో మార్పు. ఆ రాత్రి అన్నయ్య వాళ్ళింట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. తెల్లారగానే 'కౌన్సెలర్' నుంచి ఫోన్. మాట్లాడింది సేల్స్ అబ్బాయి. "మేడమ్, ఇయర్లీ మానిటరింగ్ ప్లాన్ ఆఫర్ ఇవాళ్టితో క్లోజ్" అట! మీ పుట్టింట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని మాత్రం డబ్బు కట్టించుకునేటప్పుడూ అడగలేదు, అప్పుడూ అడగలేదు.

గైనకాలజిస్ట్ మొట్టమొదట అడిగింది అదే. ఎవరికీ లేదు. రక్తం ఇచ్చిన రోజు పీరియడ్స్‌లో ఉన్నావా అని కూడా అడిగారు. అవునంది వదిన. సీఏ-125 మామూలుగా 35 లోపు ఉండాలంటారు, వదినకు 52 వచ్చింది. పీరియడ్స్‌లోనూ, ఫైబ్రాయిడ్స్, ఎండోమెట్రియోసిస్ ఉన్నా అది పెరుగుతుందట. స్కాన్‌లో ఫైబ్రాయిడ్స్ కనబడ్డాయి, అంతే. ఏ లక్షణమూ లేని మామూలు ఆడవాళ్ళకు సీఏ-125ని స్క్రీనింగ్ కింద చేయకూడదు.

ఏఎన్‌ఏ 1:80 అని, అంటే తక్కువ స్థాయిలోనే వచ్చింది. ఆ స్థాయిలో, ఏ జబ్బూ లేనివాళ్ళలోనే సుమారు పదిమందిలో ఒకరికి పాజిటివ్ వస్తుంది. కీళ్ళ వాపులు, దద్దుర్లు లాంటివేమీ లేకుండా ఆ ఒక్క కాగితం చూసి లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బు ఉందనలేరు. ఇదే ప్యాకేజీలో ఉన్న హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జీన్ టెస్ట్ కూడా అంతే. అది ఉన్నవాళ్ళలో చాలామందికి వెన్ను బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ జబ్బు ఎప్పటికీ రాదు.

అసలు మాయ జీన్ దగ్గరే. బీఆర్‌సీఏ2లో నిజంగా హానికరమైన మార్పు ఉంటే, 80 ఏళ్ళలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం దాదాపు 70 శాతం. తేలిగ్గా తీసుకునే విషయం కాదు. వదినది 'వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్', అంటే హాని చేస్తుందో లేదో ఇంకా తేలని మార్పు. దాన్ని పట్టుకుని ఆపరేషన్లవీ నిర్ణయించరు. ఈ ముక్క ఎక్కడో చివర్లో, కళ్ళద్దాలు పెట్టుకున్నా కనబడని అక్షరాల్లో వేశారు. ముల్లు మాత్రం ఎరుపులో పెట్టారు! ఆకుపచ్చ వచ్చినవాళ్ళూ నిశ్చింతగా ఉండక్కర్లేదు. అమెరికాలో 2018లో అనుమతి పొందిన ఒక హోమ్ కిట్ బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జీన్లు రెంటిలో కలిపి అప్పట్లో చూసింది మూడే మూడు మార్పులు. ఉన్నవేమో వేలల్లో.

రీఫండ్ అడిగితే "శాంపిల్ ప్రాసెస్ అయిపోయింది" అన్నారు. కన్సెంట్ ఫారంలో, మన డీఎన్‌ఏ సమాచారం 'భాగస్వాములకు' ఇవ్వొచ్చనే గడిలో వాళ్ళే టిక్ పెట్టేసి ఉంచారు. సంతకానికి ముందు అది చూసుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం, ఇంకా ఏమీ తేలలేదు.

అమ్మకో అక్కకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే టెస్ట్ అవసరమే. అప్పుడు పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. వీలైతే జబ్బు వచ్చినవాళ్ళకే ముందు చేయించాలి.

వచ్చే ఆదివారం వీళ్ళ క్యాంపు ప్రగతి నగర్‌లోనట. అటువైపు మీవాళ్ళుంటే ఇవాళే చెప్పండి.