మొదటి మాత్ర పనిచేయనప్పుడు: విశాఖలో ఒక సైకియాట్రీ క్లినిక్ గురించి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. జాకెట్లు కుడతాను. డిప్రెషన్‌కి మా ఊళ్లో రాసిచ్చిన మాత్ర రెండు మూడు నెలలు వాడినా గుణం కనబడక విశాఖలో ఒక సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. ఈ రివ్యూ ఆ క్లినిక్ గురించే. పేరు రాయడం లేదు, కౌంటరు వాళ్లని కాస్త కడిగేయాల్సిన పనుంది కాబట్టి. డాక్టరు ఏమేం అడగాలో తెలిస్తే బరంపురంలోనైనా శ్రీకాకుళంలోనైనా మీరే బేరీజు వేసుకోవచ్చు.

ముందు ఆ కౌంటరు సంగతి. ఫోన్ ఎత్తరు. ఎత్తినా "రండమ్మా, చూద్దాం" అంటారే గాని టైము చెప్పరు. గుణుపురం ప్యాసింజరులో వచ్చి మళ్లీ తిరుగు బండి అందుకోవాల్సినవాళ్లకి ఆ "చూద్దాం" ఎంత ఖరీదో వాళ్లకి పట్టదు. పైగా హాల్లో అందరి ముందూ "మీకేంటి ప్రాబ్లం?" అని గట్టిగా అడుగుతారు. నా ముందున్న కుర్రాడు తలనొప్పి అన్నాడు. నేనూ తలనొప్పే అన్నాను.

లోపల మాత్రం తొందర లేదు. డాక్టరుగారు పాత చీటీ కన్నా ముందు మాత్రల స్ట్రిప్పు అడిగారు. వెనక్కి తిప్పి, కళ్లజోడు పైకెత్తి, సన్నక్షరాలు చదివారు. ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, క్లోనజెపామ్ 0.5. "ఇందులో రెండు మందులున్నాయమ్మా. మొదటిది డిప్రెషన్‌కి. రెండోది ఆదుర్దాకి, నిద్రకి. పగలు మీకు మత్తుగా ఉండేది దీనివల్ల కావచ్చు. ఈ మాత్రే పెంచితే రెండూ పెరిగిపోతాయి" అన్నారు. మెషిన్ ముందు నేను కునికిపాట్లు పడుతుంటే అదీ జబ్బులో భాగమే అనుకున్నారు మా ఇంట్లో.

తర్వాత ప్రశ్నలు. రోజూ వేసుకున్నారా, మధ్యలో వదిలేశారా? థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించారా? నిద్ర లేకపోయినా అలుపు తెలియకుండా, విపరీతమైన హుషారుతో, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టిన రోజులేమైనా ఉన్నాయా? ఉంటే అది బైపోలార్, అంటే హుషారూ దిగులూ మారిమారి వచ్చే జబ్బు కావచ్చు, అప్పుడు మందుల దారే వేరట. చచ్చిపోవాలనిపిస్తోందా అని మా ఆయన్ని బయటికి పంపి సూటిగా అడిగారు. ఇంకేం మాత్రలు వాడతారంటే మెడనొప్పికి ఇంకొకరు ఇచ్చినవి సంచిలోంచి తీశాను. ట్రమడాల్. వెంటనే ఆపించారు. ఎస్సిటలోప్రామ్‌తో అది కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, గుండెదడ దాకా పోయే ప్రమాదం ఉందట.

ఇంకో మంచి మందు రాస్తారనుకుంటే అప్పుడే రాయలేదు. క్లోనజెపామ్‌ని విడదీసి మెల్లగా తగ్గిస్తూ, ఎస్సిటలోప్రామ్ 20కి పెంచి నాలుగు నుంచి ఆరు వారాలు చూద్దామన్నారు. మా వయసువాళ్లకి అదే గరిష్ఠం, అరవై ఐదు దాటినవాళ్లకి మామూలుగా 10 దాటనివ్వరు. ఇంత దూరం వచ్చి పాత మందే పట్టుకెళ్లడమా అని చిరాకేసింది గాని, ఆయన అన్నది న్యాయమే. చాలీచాలని మోతాదు వాడి మందు పనిచేయలేదనడం తొందరపాటే. మొదటి మందు పూర్తిగా పనిచేయకపోవడం వింతా కాదు. అమెరికాలో నాలుగు వేల మందితో చేసిన స్టార్-డి పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నవాళ్లు సుమారు మూడో వంతే.

20లో కాస్త తెరిపిచ్చింది, నిద్రా ఆకలీ మాత్రం రాలేదు. అప్పుడు మార్చారు. వెన్లాఫాక్సిన్, బుప్రోపియాన్ లాంటివీ ఉన్నాయనీ, నాకు లేనివి నిద్రా ఆకలీ కాబట్టి రాత్రిపూట మిర్టజపిన్ ఇస్తున్నాననీ, బరువు పెరగొచ్చనీ ముందే చెప్పారు. పక్క గదిలో కౌన్సెలింగ్ కూడా ఉంది, ఫీజు వేరు. మొదలుపెట్టాను, ఇంకా చెప్పేంత అనుభవం లేదు.

ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక కాగితం. స్కేలు పెట్టి గళ్లు గీశారు. ఎడమవైపు పాత మందు వారం వారం 20, 10, 5, సున్నా. కుడివైపు కొత్తది 7.5 నుంచి 15. కింద తెలుగులో: "తల తిరిగినా, తలలో కరెంటు కొట్టినట్టున్నా కంగారు పడొద్దు, ఫోన్ చేయండి. హఠాత్తుగా మానొద్దు." అచ్చం నా కొలతల పుస్తకంలా ఉంది. నా కొలత నాకే సరిపోతుంది లెండి, ఆ లెక్క చూసి మీరు మొదలుపెట్టకండి.

ఆ కరెంటు కొట్టడం నిజంగానే ఒక రాత్రి వచ్చింది. క్లినిక్ ఫోన్ మామూలే. 14416కి చేశాను. టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగు ఎంచుకున్నాను. ఒడియా నాకు బేరాలకీ బ్యాంకుకీ సరిపోతుంది గాని ఏడుపొచ్చే మాటలు అందులో రావు. ఫోన్‌లో అమ్మాయి కాగితం మొత్తం చదివించుకుని, మోతాదు సొంతంగా మార్చకండి, పొద్దున్నే డాక్టరుకి చెప్పండి అంది. చెప్పాను. 10 దగ్గర ఇంకో వారం ఆగమన్నారు, సర్దుకుంది.

ఇప్పుడు నిద్ర పడుతోంది. రెండో పెసరట్టు అడిగి వేయించుకుంటున్నాను. నా జాకెట్ల పక్క కుట్లు నేనే విప్పుకుంటున్నాను. సాయంత్రాలు ఇంకా దిగులుగానే ఉంటాయి, దాని గురించి వచ్చేసారి మాట్లాడాలి.

డాక్టరుకి ఐదు స్టార్లు, కౌంటరుకి ఒకటిన్నర. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ (పాత పేరు ఆరోగ్యశ్రీ) మన ఒడిశా కార్డుకి వర్తించదు. ఫీజు భారమైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనూ సైకియాట్రీ విభాగం ఉంది. మిర్టజపిన్ మా ఊళ్లో అడిగిన ప్రతిచోటా దొరకలేదు, పాతపట్నంలో చెప్పి తెప్పించుకోవాల్సి వచ్చింది. నెలకి సరిపడా విశాఖలోనే కొనుక్కోండి. ఎక్కడికి వెళ్లినా ఇంట్లో వాడుతున్న మాత్రలన్నీ, నొప్పివీ గ్యాస్‌వీ కూడా, స్ట్రిప్పులతో సహా పట్టుకెళ్లండి.