పంచదార బదులు బెల్లమా, తేనెనా, ఖర్జూరమా: ఏది మేలు?

ముందు ఒక సంగతి తేల్చేసుకుందాం. బెల్లం తింటే షుగర్ పెరగదని ఎవరైనా చెబితే నమ్మకండి. వంద గ్రాముల పంచదారలో 390 కేలరీల దాకా ఉంటే బెల్లంలో 380 చిల్లర ఉంటాయి. ఐరన్ లాంటివి కొంచెం ఉన్న మాట నిజమే గానీ, ఆ ఐరన్ ఒంటికి చాలేంత బెల్లం తింటే ముందు షుగర్ డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తుంది. తాటిబెల్లం కథా అంతే. కాబట్టి ఏది మేలు అన్నది ఏం వండుతున్నామన్న దాన్ని బట్టి చూసుకోవాలి.

పండగ పిండివంటల్లో నా ఓటు కళ్లు మూసుకుని బెల్లానికే. అరిసెల పాకమే తీసుకోండి, పళ్లెంలో కాసిని నీళ్లు పోసి అందులో చుక్క వేస్తే అది కరిగిపోకుండా ఉండి, వేలితో దగ్గరకు తీసినప్పుడు మెత్తటి ఉండలా వచ్చిందంటే వెంటనే దించేసి తడిపిండి కలిపేయాలి, ఇంకాస్త చూద్దాంలే అని పొయ్యి మీదే ఉంచారా, పాకం ముదిరి అరిసెలు గట్టిపడిపోతాయి. తేనెతో ఇలాంటి పని పెట్టుకోవద్దు. కొనేటప్పుడు మాత్రం, అనకాపల్లి బెల్లమైనా ఇంకెక్కడిదైనా, పచ్చగా మెరిసిపోయేదాన్ని చూసి మోసపోకండి. ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగు దిమ్మ తెచ్చుకుని, కాసిని నీళ్లతో కరిగించి వడకట్టండి, ఇసుకా చెరకు పీచూ ఎంత మిగులుతాయో మీరే చూస్తారు.

బెల్లం పేచీ పెట్టేది పాల దగ్గర. పరమాన్నం ఉడుకుతుండగానే బెల్లం వేస్తే దానిలోని పులుపు గుణానికి పాలు విరిగిపోతాయి, పైగా బెల్లం పడ్డాక బియ్యం ఇక సరిగా ఉడకదు. అన్నం మెత్తగా ఉడికాక దించి, వేడి బాగా తగ్గాక, విడిగా కరిగించి చల్లార్చిన బెల్లం పాకం కలిపితే ఏ గొడవా ఉండదు. అంత ఓపిక లేదనుకుంటే పాల వంటలకు హాయిగా పంచదారే వాడుకోండి, తప్పేం లేదు.

తేనె దగ్గర లెక్క వేరు. కప్పు పంచదార బదులు ముప్పావు కప్పు తేనె చాలు అంటారు, నిజంగానే తీపికి అది సరిపోతుంది. కానీ తేనె బరువెక్కువ, ఆ ముప్పావు కప్పే దాదాపు 250 గ్రాములు తూగుతుంది, అందులో చక్కెరలు 200 గ్రాముల పైనే, అంటే కప్పు పంచదారకు సమానం. ఏం తగ్గించినట్టు? పైగా తేనెలో నీళ్లుంటాయి కాబట్టి కేక్‌లో పాలో నీళ్లో మూడు నాలుగు పెద్ద చెంచాలు తగ్గించుకోవాలి, పైన త్వరగా మాడుతుంది కాబట్టి ఒవెన్ 180 డిగ్రీలకు బదులు 165 దగ్గర పెట్టుకోవాలి. ఇంత చేసీ వేడికి మంచి తేనె వాసనంతా పోతుంది. ఆయుర్వేదం ఎలాగూ తేనెను వేడి చేయొద్దంటుంది. నన్నడిగితే తేనెను నిమ్మరసంలోకీ, దోసె మీదకీ, పండ్ల ముక్కల మీదకీ ఉంచుకోవడమే ఉత్తమం. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం నాలిక మీద చుక్క కూడా రాయొద్దు, పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే, బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఈ నాలుగింట్లో పీచు పదార్థం చెప్పుకోదగినంత ఉండేది ఖర్జూరంలోనే. గింజలు తీసి వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బితే, కప్పు పంచదార స్థానంలో కప్పు గుజ్జు వేసుకోవచ్చు. తీపి కాస్త తగ్గుతుంది, కేక్ పొంగదు, బరువుగా, తడితడిగా వస్తుంది. అరటిపండు కేక్‌కీ, రాగి కేక్‌కీ ఆ తడే అందం. తెల్లటి స్పాంజ్ కావాలంటే మాత్రం పంచదారకు సాటి లేదు, వెన్నతో కలిపి గిలక్కొడితే ఆ పలుకుల వల్లే గాలి చేరి కేక్ పొంగుతుంది, బెల్లం పొడి ఆ పని అంత బాగా చేయలేదు. బెల్లంతోనే కేక్ కావాలంటే నూనె, పెరుగు, వంటసోడా వేసే రకం ఎంచుకోండి, బెల్లం పులుపుకి సోడా తోడైతే చక్కగా పొంగుతుంది. ఇక లడ్డూలకైతే ఖర్జూరాన్ని నానబెట్టకుండా జీడిపప్పు, బాదంతో కలిపి తిప్పేయండి, పాకం లేకుండానే ఉండ కడుతుంది. నానబెట్టిన గుజ్జుతో చేస్తే రెండు మూడు రోజుల్లో వాసన వచ్చేస్తాయి.

టీలోకి బెల్లం కావాలంటే డికాషన్‌లోనే వేసి కరిగించి పొయ్యి కట్టేసి, విడిగా కాచిన పాలు చివర్లో పోసుకోండి. మళ్లీ మరిగించారో, విరిగినట్టే.