గొంతు గడ్డకు స్కాన్, సూది పరీక్ష: నల్గొండలోని ఈ థైరాయిడ్ క్లినిక్ ఎలా ఉందంటే

క్లాక్ టవర్ దగ్గర నుంచి సందులోకి తిరిగితే మేడ మీద ఉండే ఈ థైరాయిడ్ క్లినిక్‌కు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. నేనూ మా వదినా ఇద్దరం గొంతు గడ్డలకు ఇక్కడే చూపించుకున్నాం. నాకు ఆపరేషన్ అక్కర్లేదని తేలింది, వదినకు క్యాన్సర్ అని తేలింది. రెండుసార్లూ డాక్టర్ గారు ముందు లెక్క చెప్పారు, దాని అర్థం చెప్పారు, ఆ తర్వాత నిర్ణయం మా చేతికిచ్చారు. నేను హాలియా వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. శాతాలు చెప్పి భయపెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆ శాతం ఎవరిని లెక్కపెడితే వచ్చిందో కూడా చెప్పిన డాక్టర్‌ను ఇక్కడే చూశాను.

నా గడ్డ అనుకోకుండా బయటపడింది. మెడనొప్పికని వేరేచోట స్కాన్ తీయిస్తే థైరాయిడ్ కుడివైపు గడ్డ ఉందని రిపోర్టులో ఒక్క వాక్యం రాసిచ్చారు. అందులో ఒకే ఒక్క కొలత ఉంది. అది గట్టిదా, నీటి బుడగా, అంచులు ఎలా ఉన్నాయి అన్నది లేదు. ఆ కాగితం చూసే అక్కడ ఒకాయన "గ్రంథి మొత్తం తీయించేసుకోండి, టెన్షన్ ఉండదు" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా అమ్మదీ అదే మాట: "గడ్డ అన్నంక తీయించుకోవాలె గద బిడ్డా, గొంతుల పెట్టుకొని తిరుగుతరా?" అమ్మ భయం నాకర్థమైంది. గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే సూది పరీక్షయినా చేయకుండా, ఒక్క వాక్యం మీద అవయవం తీసేద్దామన్న ఆ సలహా మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడ డాక్టర్ గారు మొదట స్కాన్ కాగితం పక్కన పెట్టి ప్రశ్నలు అడిగారు. చిన్నప్పుడు మెడకు, తలకు రేడియేషన్ చికిత్స ఏమైనా ఇచ్చారా? ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ ఉందా? గొంతు బొంగురుపోయిందా? మింగడం కష్టంగా ఉందా? గడ్డ వారాల్లోనే పెరిగినట్టు అనిపించిందా? తర్వాత మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, గుటక వేయమని, వేళ్లతో గడ్డను తడిమి చూశారు. మెడ పక్కన బిళ్ళలు (లింఫు గ్రంథుల వాపు) కట్టాయేమో కూడా చూశారు. రక్త పరీక్షలో నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పని చేయించే హార్మోన్) మామూలుగానే ఉంది కదా, ఇక భయం లేదా అని అడిగాను. టీఎస్‌హెచ్ గ్రంథి పనితనం చెబుతుందే తప్ప గడ్డ మంచిదో చెడ్డదో చెప్పదని, థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుందని చెప్పారు. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే దారి వేరట. అప్పుడు కొద్దిగా రేడియోధార్మిక మందు ఇచ్చి గడ్డ పనితనం చూసే ఐసోటోపు స్కాన్ తీస్తారు. గడ్డే హార్మోన్ ఎక్కువగా తయారు చేస్తోందని అందులో తేలితే అది క్యాన్సర్ కావడం చాలా అరుదు. ఈ ఒక్క విషయం తెలియక మా స్టాఫ్ రూమ్‌లోనే ఎంతమంది "బ్లడ్ టెస్ట్ నార్మల్" అని గడ్డను వదిలేసి ఉంటారో.

మన జిల్లావాళ్లం కదా, ఫ్లోరైడ్ నీళ్ల వల్లే వచ్చిందా అని కూడా అడిగాను. కారణం ఏదైనా ఈ గడ్డను చూడాల్సిన పద్ధతి మారదు, ముందు అదేంటో చూద్దాం అన్నారు. నీళ్ల మీద నెపం వేసి మందులు రాయలేదు. అది నాకు నచ్చింది.

స్కాన్ మాత్రం తొందర లేకుండా చేశారు. స్కాన్ చేసే డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి, ఐదు విషయాలు చూస్తామని చెబుతూ చూపించారు. లోపల గట్టిగా ఉందా, నీరుందా. చుట్టూ ఉన్న గ్రంథి కంటే నల్లగా కనిపిస్తోందా. వెడల్పు కంటే నిలువు ఎక్కువ ఉందా. అంచు నున్నగా ఉందా, గరుకుగా చుట్టుపక్కలకు పాకుతోందా. లోపల సన్నటి తెల్ల చుక్కలున్నాయా. ఒక్కోదానికి మార్కులుంటాయి. టైరాడ్స్ అని అమెరికా రేడియాలజీ కాలేజీ 2017లో ప్రకటించిన పద్ధతి ఇది. నా కుడివైపు గడ్డ 1.8 సెంటీమీటర్లు. పూర్తిగా గట్టిది కాబట్టి రెండు, నల్లగా ఉంది కాబట్టి ఇంకో రెండు, మిగతా మూడింటికీ సున్నా. మొత్తం నాలుగు మార్కులు, అంటే ఐదు మెట్లలో నాలుగోది, టైరాడ్స్ 4. ఎడమవైపు శనగ గింజంత గడ్డ ఇంకోటి కనబడింది. దాని నిండా చిన్న చిన్న నీటి గదులే కాబట్టి సున్నా మార్కులు, దాని జోలికి పోనక్కర్లేదన్నారు. మొదటి స్కాన్‌లో దాని ఊసే లేదు.

సూది ఎప్పుడు గుచ్చాలన్నదానికీ కొలతలున్నాయి. టైరాడ్స్ 3 అయితే 2.5 సెంటీమీటర్లు, 4 అయితే 1.5, 5 అయితే 1 సెంటీమీటరు, లేదా అంతకు మించి ఉండాలి. అనుమానం పెరిగేకొద్దీ ఇంకా చిన్న గడ్డకే పరీక్ష చేస్తారన్నమాట. నాది 1.5 దాటింది కాబట్టి సూది పరీక్ష తప్పదన్నారు. మార్కులు, కొలతలు, గడ్డ ఎక్కడుందో చూపించే బొమ్మ, మెడ బిళ్ళల సంగతి అన్నీ రిపోర్టులో ఉన్నాయి. థైరాయిడ్ స్కాన్ ఎక్కడ తీయించుకున్నా మీ రిపోర్టులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.

సూది పరీక్షకు ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున వెళ్లగానే డాక్టర్ గారికి ఆ మాటే చెప్పాను. గొంతుకు స్కాన్ పెడితే సగం మందిలోనో అంతకంటే ఎక్కువమందిలోనో ఏదో ఒక గడ్డ కనబడుతుందని, పరీక్షదాకా వచ్చిన గడ్డల్లో క్యాన్సర్ అయ్యేవి నూటికి ఏడు నుంచి పదిహేను దాకా ఉంటాయని చెప్పారు. దక్షిణ కొరియా సంగతి కూడా చెప్పారు. అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా విరివిగా గొంతు స్కాన్లు చేయడంతో 1993 నుంచి 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు సుమారు పదిహేను రెట్లు పెరిగాయట. మరణాలు మాత్రం దాదాపు ఉన్నట్టే ఉన్నాయి. అంటే ప్రాణానికి ఏ ముప్పూ చేయని చిన్న క్యాన్సర్లు వేలకొద్దీ బయటపడి, ఆ మనుషుల్లో దాదాపు అంతా కోతకు వెళ్లారు. లక్షణాలేమీ లేకుండా ఊరికే గొంతు స్కాన్ తీయించుకోవద్దని ఆయన అందరికీ చెబుతారట. స్కాన్ మిషన్ పెట్టుకున్న మనిషి ఆ మాట చెప్పడం నాకు గౌరవంగా అనిపించింది.

సూది గుచ్చింది స్కాన్‌లో చూస్తూనే. రక్తం తీసే సూది కంటే సన్నం. మత్తు ఇవ్వలేదు. గుచ్చినప్పుడు మింగొద్దు, మాట్లాడొద్దు అన్నారు. నొప్పి తక్కువే, గొంతు మీద సూది అన్న భయమే ఎక్కువ. ఒకటి కంటే ఎక్కువసార్లు గుచ్చి, స్లైడ్ల మీద పూసి, కణాలు చాలినన్ని వచ్చాయో లేదో అప్పుడే ఒకసారి చూసుకున్నారు. కణాలు సరిపోకపోతే రిపోర్టులో ఏమీ తేలదు, మళ్లీ గుచ్చించుకోవాలి. ఆ శ్రద్ధ వల్ల నాకు ఆ బాధ తప్పింది. స్కాన్‌కు 1,200, సూది పరీక్షకు స్లైడ్లతో కలిపి 2,800 తీసుకున్నారు. రెండింటికీ బిల్లు ఇచ్చారు.

ఫలితం బెథెస్డా 3 అని వచ్చింది. బెథెస్డా అన్నది ఆరు మెట్ల వర్గీకరణ. 1 అంటే కణాలు చాలలేదు, 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సరే. మధ్యలో ఉన్న 3 అంటే కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి కానీ ఇదీ అని చెప్పలేం అని. 2023లో వచ్చిన మూడో కూర్పులో ఈ మెట్టుకు క్యాన్సర్ సంభావ్యత సగటున 22 శాతం అని ఉంది. 2కి 4, 4కి 30, 5కి 74, 6కి 97. ఇరవై రెండు అని వినగానే మా ఆయన ముఖం పాలిపోయింది.

అప్పుడు డాక్టర్ గారు చెప్పిన మాట నేను తరగతిలో కూడా వాడుకుంటున్నాను. ఈ శాతాలు గడ్డ ఉన్న అందరినీ లెక్కపెట్టి వేసినవి కావు. ఆపరేషన్ అయినవాళ్ల గడ్డలను తర్వాత పరీక్షించి వేసినవి. బెథెస్డా 3 వచ్చినవాళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లేది ఎక్కువగా గడ్డ పెద్దదైనవాళ్లో, స్కాన్‌లో అనుమానం బలంగా ఉన్నవాళ్లో. మిగతావాళ్లు ఆ హారంలోనే లేరు. అందుకని స్కాన్‌లో మిగతా లక్షణాలన్నీ బాగున్న మీలాంటి వాళ్లకు అసలు ప్రమాదం ఇంకా తక్కువే ఉండొచ్చు అన్నారు. "టీచర్ గారూ, మీకు హారం గురించి నేను చెప్పాలా" అని నవ్వారు. మా ఆయన ఆ తర్వాతే కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

నా ముందు దారులు కొన్నే ఉన్నాయి. కొన్నాళ్లాగి మళ్లీ సూది పరీక్ష. కణాల్లో జన్యు మార్పులు చూసే మాలిక్యులర్ పరీక్ష. గడ్డ ఉన్న సగం గ్రంథిని తీసి చూసుకోవడం. లేదా స్కాన్లతో కనిపెట్టుకుని ఉండటం. జన్యు పరీక్ష ఖర్చు ఎక్కువ, దాంతో అందరికీ తేలిపోతుందనీ లేదని ముందే చెప్పారు. నేను మళ్లీ సూదికే మొగ్గాను. రెండోసారి బెథెస్డా 2 వచ్చింది. ఇప్పుడు ఏడాదికోసారి స్కాన్, అంతే. మందు బిళ్ళ కూడా లేదు. గడ్డ కరగడానికి థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ బిళ్ళ) రాయమని మా అమ్మ పక్కనుండి పోరింది. టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్న మనిషికి ఆ బిళ్ళ వేస్తే గుండె దడ, ఎముకలు పలచబడటం లాంటివి రావచ్చు, లాభం మాత్రం తక్కువ అని అమ్మకు ఓపిగ్గా వివరించారు.

వదినది నకిరేకల్. ఆమెకు గడ్డ 1.4 సెంటీమీటర్లే, కానీ నిలువు ఎక్కువ, అంచు గరుకు, తెల్ల చుక్కలు. టైరాడ్స్ 5. సూదిలో బెథెస్డా 6, పాపిల్లరీ క్యాన్సర్ అని వచ్చింది. ఆ రోజు డాక్టర్ గారు మిగతా పేషెంట్లను ఆపి మాతో చాలాసేపు కూర్చున్నారు. ఈ రకం ఎక్కువగా నెమ్మదిగా పెరుగుతుందని, సకాలంలో చికిత్స చేస్తే చాలామంది మామూలు జీవితం గడుపుతారని ముందు ఆ మాట చెప్పాకే మిగతావి మొదలుపెట్టారు. ఆపరేషన్ లేకుండా ఉండలేమా అని అన్నయ్య అడిగాడు. ఒక సెంటీమీటరు లోపు క్యాన్సర్లను కోయకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండే పద్ధతి జపాన్‌లోని కోబేలో కుమా ఆస్పత్రి 1993లో మొదలుపెట్టిందని, వదిన గడ్డ ఆ కొలత దాటిందని చెప్పారు.

సగం గ్రంథి తీయాలా, మొత్తమా అన్నదే అసలు ప్రశ్న. మొత్తం తీస్తే జీవితాంతం థైరాక్సిన్ వేసుకోవాలి, కాల్షియం పడిపోయే ప్రమాదం, గొంతు నరం దెబ్బతినే ప్రమాదం రెండువైపులా ఉంటాయి. కానీ అవసరమైతే తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపే రేడియో అయోడిన్ ఇవ్వొచ్చు, రక్తంలో థైరోగ్లోబ్యులిన్ (థైరాయిడ్ కణాలు తయారు చేసే ప్రోటీన్) చూస్తూ తిరగబెట్టిందో లేదో కనిపెట్టడం తేలిక. సగం తీస్తే ఈ ప్రమాదాలు తగ్గుతాయి, కొందరికి బిళ్ళ అవసరమే రాదు. ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల మధ్య ఉండి, గ్రంథి దాటి బయటకు రాకుండా, మెడ బిళ్ళలకు పాకకుండా ఉంటే సగం తీయడం సరిపోవచ్చని ఆయన వివరించారు. ఆపరేషన్ మాత్రం తాను చేయనని, ఇలాంటివి తరచూ చేసే చేతికే ఇవ్వాలని హైదరాబాద్ పంపారు. డబ్బుకు ఇబ్బందైతే రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉందని, ఆరోగ్యశ్రీ కార్డు దగ్గర పెట్టుకోమని చెప్పారు. వదిన సగమే తీయించుకుంది. గొంతు బాగుంది, బతుకమ్మ పాటలు ఎప్పటిలాగే పాడింది. ఇప్పుడు ఆమె టీఎస్‌హెచ్, మెడ స్కాన్ ఇక్కడే చూపించుకుంటోంది.

ఇక స్టార్ ఎందుకు తగ్గించానంటే, టోకెన్‌కు రాసిచ్చిన టైముకు ఎప్పుడూ లోపలికి పిలవరు. మెట్లు నిటారుగా ఉన్నాయి, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మధ్యలో రెండుసార్లు ఆగింది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కింద దుకాణం అరుగు మీదే కూర్చుండిపోతే కాంపౌండర్ కిందికొచ్చి పేరు రాసుకున్నాడు, అదే మేలు. స్లైడ్లు హైదరాబాద్ పంపిస్తారు. మూడు రోజుల్లో అన్న రిపోర్టు ఆ లెక్కలో రాలేదు, ఫోన్ చేస్తే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు. క్యాన్సరో కాదో తెలియక ఇంట్లో అన్నం సయించని మనుషులకు ఆ ఆలస్యం చాలా బరువు. రాకపోతే రాలేదని ఒక మెసేజ్ పెట్టినా చాలు. రిపోర్టులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. డాక్టర్ గారు నోటితో చెప్పే మాటలే తెలుగులో ఒక పేజీ అచ్చు వేసి ఇస్తే, చదువురాని తల్లుల వెంట వచ్చే పిల్లలు ఇంటికెళ్లాక నలుగురికీ చదివి వినిపించగలరు. ఈ మాట ఆయనకే చెప్పాను, రాసిపెట్టమన్నారు. సెలవుల్లో కూర్చుని రాసిస్తాను.

గడ్డ క్యాన్సర్ కాకపోయినా పెద్దదై మింగడానికి అడ్డం వచ్చేవాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. సూదితో వేడి పంపి గడ్డను కుదించే రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతి ఇక్కడ లేదు, దానికి హైదరాబాదే వెళ్లాలి. వెళ్లేముందు గడ్డ మామూలుదేనని సూది పరీక్షతో నిర్ధారించుకోమంటారు.

వెళ్లేవాళ్లు పాత స్కాన్ ఫిల్ములు, రక్త పరీక్షలు తప్పక తీసుకెళ్లండి, పోల్చి చూస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే సూది పరీక్షకు ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. మెడ విశాలంగా ఉన్న జాకెట్ వేసుకుంటే సులువు. స్కాన్ చేసే డాక్టరమ్మ రోజూ ఉండరు, బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.